మా వీధి ఆఫీసరు

ఆ వేసవిలో ఒక సాయంత్రం సుధాకర్ తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సుధాకర్ మా చిన్నాన్న మనవడు. నన్ను పెదనాన్న అంటాడు. రాజాంలో ఒక ధాన్యం మిల్లులో లారీల లోడింగ్ చూసుకుంటాడు. కూతురి పేరు హెప్సిబా. ఇంటర్ పరీక్షలు రాసేసి ఇంట్లో ఉంది. తెల్లవారుజామున పాలకొండ రోడ్డు మీద పరుగెడుతుంటే నేనే రెండు మూడుసార్లు చూశాను, సన్నగా, పొడుగ్గా, ఎవరో తరుముతున్నట్టు కాకుండా తనే ఎవరినో తరుముతున్నట్టు పరుగెత్తే పిల్ల. నా భార్య సుగుణ ఇద్దరికీ టీ ఇచ్చింది. సుధాకర్ ఆ గ్లాసు ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు. "పెదనానా, ఈ గుంటకి నువ్వే సెప్పాల. మేం సెప్తే ఇన్టం లేదు. మిలట్రీలో అగ్నివీర్ పరుగుకి ఎల్లవే అంటే, కాదు, ఆఫీసరు పరీక్ష రాస్తానంటాది. పరుగైతే దీనికి సులువుగా వస్తాది. ఆ ఆఫీసరు పని మనలాంటోళ్ళకి అయ్యేదేటి? నువ్వు ఎల్లి వచ్చినోడివి కదా, నీకు తెల్దేటి? అంత సదువుకున్న మన ఆఫీసరన్ననే ఎనక్కి పంపీసారని మా నాన ఎప్పుడూ సెప్పేవోడు."

నేను రిటైరైన లెక్కల మాస్టర్ని. పిల్లల చదువుల గురించి సలహా అడగడానికి చాలామంది మా ఇంటికి వస్తుంటారు. సుధాకర్ సలహా కోసం రాలేదు. తన కూతురికి చూపించడానికి ఒక సాక్ష్యం కావలసి వచ్చింది, ఆ సాక్ష్యం నేను. మన మనుషులు అంత ఎత్తుకు పోలేరనడానికి మా కుటుంబాల్లో చెప్పుకునే కథ ఒకటుందనీ, అది నా కథేననీ ఆ సాయంత్రందాకా నాకు తెలియదు. ఆ సంగతి తెలిసిన వాళ్ళంతా చనిపోయారు, ఇక అది ఎవరికీ గుర్తులేదనుకుంటూ బతికాను. చెవులు వేడెక్కాయి. ఈ వయసులో కూడా సిగ్గు మొదట చెవుల్లోకే వస్తుందని ఆ రోజు తెలిసింది.

మా నాన్న దేవదానం సైన్యంలో హవల్దారు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవారు. ఆయన వచ్చిన రోజున ఇంటి వాసనే మారిపోయేది. మామూలుగా మా ఇంట్లో గేదె పాలూ, చోడి అంబలీ, పొయ్యిలో కాలుతున్న తాటాకూ వాసన వేసేవి. నల్ల ట్రంకు మూత తెరవగానే వాటన్నిటినీ తోసేసి ఇత్తడి పాలిష్, బూటు పాలిష్, కలరా ఉండలు, క్యాంటీన్ సబ్బు వాసన ఇల్లంతా పరుచుకునేది. మా అమ్మ మార్తమ్మ ఆ సబ్బును వాడేది కాదు, చీరల మధ్య దాచుకునేది. నాన్న కోడి కూయకముందే లేచి గడ్డం గీసుకునేవారు. దుప్పటిని అంచుకు అంచు కలిపి, చేత్తో ఒత్తి, ఇటుకలాగా మడిచి పెట్టేవారు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తన చొక్కా, నా చొక్కా, ఒక్కోసారి అమ్మ ఆదివారం గుడికి కట్టుకునే చీర కూడా ఇస్త్రీ చేసేవారు. తర్వాత మేమందరం చాపమీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళం. నాన్న ప్రార్థనలో ప్రతి రోజూ ఒక మాట తప్పకుండా ఉండేది. "ప్రభువా, ఈ బిడ్డకి నేను సెల్యూట్ కొట్టే రోజు సూపించు." అమ్మ ఆమెన్ అనేది. నేను కళ్ళు గట్టిగా మూసుకునేవాడిని.

ఒక సెలవులో ఆయన వడ్రంగిని పిలిపించి మామిడి చెక్కతో బల్ల చేయించారు. మా వీధిలో బల్లమీద అన్నం తిన్న ఇల్లు మాదొక్కటే. దానిమీద తెల్లగుడ్డ పరిచి, ట్రంకులోంచి ఒక ఫోర్కు, ఒక చెంచా, మొద్దుబారిన కత్తి ఒకటి తీసి, పళ్ళానికి అటూ ఇటూ కొలిచినట్టు పెట్టి, నన్ను కూర్చోమనేవారు. "ఆఫీసర్లు ఇలగే తింటార్రా. మోచేతులు బల్లమీద ఆనిస్తే సాలు, ఈడికి ఏటీ తెల్దనీసి రాసీసుకుంటారు." చేపల పులుసు కలిపిన అన్నాన్ని ఫోర్కుతో తినడం ఎంత కష్టమో తిన్నవాడికే తెలుస్తుంది. మెతుకులు ఒడిలో పడేవి, ముల్లు ఎటుపోయిందో తెలిసేది కాదు. ఉప్పు కావాలంటే ఇంగ్లీషులో అడగాలి. నేను "పాస్ ద సాల్ట్ ప్లీజ్" అంటే, అమ్మకు ఆ భాష రాదు కనుక ఏదో అడుగుతున్నానని ఊరగాయ జాడీ ముందుకు తోసేది. వీధిపిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని వరసగా నిలబడి చూసేవారు. "ఓలమ్మో, ఈడు పారతో తింతన్నాడు సూడండే" అని ఒకడు అరిస్తే మిగతావాళ్ళు విరగబడి నవ్వేవారు. నాన్న వాళ్ళని తరిమేవారు కారు. "సూడనీ. రేపు ఆళ్ళే నీకు బాబుగారూ అంటారు" అనేవారు. ఆఫీసరనే పేరు నాకు ఆ కిటికీ దగ్గరే పడింది. ఆ పాఠం జరిగినంతసేపూ నాన్న నాతోపాటు కూర్చునేవారు కాదు. నా కుర్చీ వెనక, కొంచెం ఎడమగా, మోచేతి మీద మడిచిన తువ్వాలు వేసుకుని నిలబడేవారు. నేను తినడం ముగించి, ఫోర్కూ చెంచా జతగా పళ్ళెంలో పెట్టాక, ఆయన వెళ్ళి అమ్మ పక్కన నేలమీద కూర్చుని చేత్తో తినేవారు. నేర్పేవాళ్ళు నిలబడే నేర్పుతారనుకున్నాను.

ఇంకా చాలా నేర్పారు. పెద్దవాళ్ళు అడిగితేనే మాట్లాడాలి. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా పెదవి కదపకూడదు. చూపు నేరుగా ఉండాలి, గొంతు తగ్గి ఉండాలి. ఇంటర్లో నాకు లెక్కలు బాగా వచ్చేవి. ఇంగ్లీషు పుస్తకాలు మా చర్చి పాస్టరుగారు ఇచ్చేవారు. ఆఫీసరు పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ కబురు వచ్చిన రోజు అమ్మ గేదె పాలన్నీ అమ్మకుండా వీధివీధంతా పాయసం పంచింది. బెంగుళూరులో కొన్ని రోజులపాటు ఇంటర్వ్యూలు, పరీక్షలతో సెలక్షన్ బోర్డు పెడతారు, అక్కడ నెగ్గితే ఆఫీసరు. ఆ రోజులకి సరిపోయేలా నాన్న సెలవు పెట్టుకుని వచ్చారు. రైలెక్కించేటప్పుడు నా కాలరు సరిచేసి, "నీకు అన్నీ వచ్చురా" అన్నారు.

బోర్డులో మొదటి రోజు భోజనాల హాలులోకి అడుగుపెట్టాను. పొడుగాటి బల్లలు, తెల్లగుడ్డలు, పళ్ళాలకి అటూ ఇటూ ఫోర్కులు, చెంచాలు. మా ఇంటి బల్ల వందసార్లు చేసి పెట్టినట్టుంది. భయం సగం పోయింది. పూరీలు వడ్డించారు. నేను నడుం నిటారుగా పెట్టి, మోచేతులు దగ్గరికి లాక్కుని, పూరీని కత్తితో కోసి ఫోర్కుతో తినడం మొదలుపెట్టాను. కాసేపటికి చుట్టూ నిశ్శబ్దంగా ఉందేమిటని తలెత్తాను. మిగతా కుర్రాళ్ళందరూ చేతులతో పూరీలు చింపుకుని, మోచేతులు బల్లమీద ఆనించి, నోటినిండా పెట్టుకుని నాకేసి చూస్తున్నారు. వాళ్ళలో సగం మంది ఆఫీసర్ల కొడుకులే. నా ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఎగతాళి చెయ్యలేదు. మెల్లగా హిందీలో, "చేత్తోనే తిను, ఫర్వాలేదు" అన్నాడు. ఆ దయకంటే మా వీధిపిల్లల నవ్వు నయం. అప్పుడే ఇంకో పూరీ వెయ్యడానికి నా వెనకనుంచి ఒక చెయ్యి ముందుకు వచ్చింది. తల తిప్పాను. నాన్న వయసు మనిషి. కుర్చీ వెనక, కొంచెం ఎడమగా, మోచేతి మీద మడిచిన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

నాన్న ఆఫీసర్ల మెస్సులో పని చేస్తారని తెలుసు. "నేను ఆఫీసర్లతోనే ఉంటాను" అని ఆయన అందరికీ చెప్పేవారు. అది అబద్ధం కాదు. ఆయన వాళ్ళతోనే ఉన్నారు, వాళ్ళ కుర్చీల వెనక. ఆయన చూసిన ఆఫీసర్లు పార్టీ రాత్రుల్లో కొత్త యూనిఫాంలో బిగుసుకుని కూర్చున్నవాళ్ళు. వాళ్ళు పొద్దున్నే పూరీలు ఎలా తింటారో, ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా పోట్లాడుకుంటారో ఆయన ఎదుట జరిగేది కాదేమో. ఇంటర్వ్యూలో కల్నల్‌గారు మా నాన్న పని గురించి అడిగారు. మెస్ హవల్దారు అని చెప్పాను. "మంచి మెస్ హవల్దారు లేకపోతే మా బతుకులు లేవు" అని ఆయన నవ్వారు. మంచి మనిషి. నాకు మాత్రం ఆ గదిలో నా చొక్కా ఇస్త్రీ కూడా ఎవరిదో కనబడిపోతున్నట్టు అనిపించింది. మర్నాడు ఎనిమిదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఏదో విషయమిచ్చి మాట్లాడుకోమన్నారు. అందరూ ఒకేసారి అందుకున్నారు. ఒకరి మాట ఒకరు తుంచుకుంటున్నారు, చేతులు ఊపుతున్నారు. నాకు చెప్పడానికి మంచి మాటలే ఉన్నాయి. అవతలివాడి మాట పూర్తి కావాలని చూస్తూ కూర్చున్నాను. ఎవరి మాటా పూర్తి కాలేదు. గంట కొట్టారు. చివరి రోజు నెగ్గినవాళ్ళ నంబర్లు చదివారు. నాది చదవలేదు.

చీపురుపల్లి స్టేషన్లో నాన్న నిలబడి ఉన్నారు, తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. నా మొహం చూసి ఏమీ అడగలేదు. చేతిలో సంచీ తీసుకుని, "ఆకలేస్తందేటి?" అన్నారు. బయట హోటల్లో ఇడ్లీ తెప్పించారు. నేను చేత్తో తింటుంటే చూస్తూ కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు.

"తిండి కాడ ఎలగయింది? ఫోర్కు సరిగ్గానే పట్టుకున్నావా?"

"నాకన్నా బాగా ఎవరూ పట్టుకోలేదు నానా."

ఆయన మొహం తేటపడింది. "అయితే మన తప్పేటీ లేదన్నమాట" అన్నారు. ఆ తర్వాత బస్సులో కిటికీలోంచి చూస్తూ, "ఆఫీసర్ల కొడుకుల్నే తీసుకుంటారు కాబోలు" అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చాక వీధంతటికీ ఆ మాటే చాలింది. రెండు రోజులు పోయాక, వరండాలో బూట్లు తుడుచుకుంటూ, "మరి బర్తీకి ఎల్తావేటి? మా సుబేదారు సాబుకి ఒక మాట సెప్తాను. సిపాయిగా ఎల్లినోళ్ళు కూడా పైకి రావొచ్చు" అన్నారు. "సదువుకుంటాను నానా" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయన నా కళ్ళలోకి చూసి, నేను అనని మాటేదో విన్నట్టు తల తిప్పుకుని మళ్ళీ బూటు తుడవడంలో పడ్డారు. నేను గజపతినగరంలో మా మేనత్త ఇంటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన సెలవు అయిపోయింది. బల్లమీద అమ్మ బియ్యం బస్తా పెట్టుకుంది. ఆ తర్వాత డిగ్రీ, ట్రైనింగు, ఉద్యోగం. నరసన్నపేటలో పనిచేస్తున్నప్పుడు కూడా మా ఊరివాళ్ళెవరైనా బజార్లో కనిపిస్తే "ఏటి ఆఫీసరూ" అని పలకరించేవారు. వాళ్ళ మాటలో వెక్కిరింత ఏనాడో అరిగిపోయింది. నాకు అరగలేదు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మీ నాన్నగారేం చేసేవారని అడిగితే మిలట్రీ అని చెప్పి మాట మార్చేవాడిని.

అందుకే ఆ సాయంత్రం సుధాకర్ అడిగినప్పుడు తేలికైన జవాబే నాలుకమీదికి వచ్చింది. అవును తల్లీ, మనవల్ల కాదు అనేస్తే అక్కడితో అయిపోయేది. ఆ పిల్ల ఊరుకోలేదు.

"తాతా, నీకు ఇంగ్లీషు రానేదా?"

"వచ్చు. రాత పరీక్ష పాసయ్యాను."

"మరెందుకు పంపీసారు?"

ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరికీ జవాబు తెలుసు. నేను చెప్పాను. పూరీల సంగతి, కుర్చీ వెనక మనిషి సంగతి, గుండ్రంగా కూర్చున్న ఎనిమిదిమంది సంగతి. సుగుణ వంటింటి గుమ్మంలో తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. "ఇన్నేళ్ళూ నాకైనా సెప్పనేదేటండీ?" అంది. హెప్సిబా మాత్రం ఇంకేదో ఘోరం వినబోతున్నట్టు ముందుకు వంగి కూర్చుని, నేను ఆపేశాక, "అంతేనా? నోరిప్పనేదని పంపీసారు, అంతేనా తాతా?" అంది. నా జీవితమంతా మోసినదాన్ని ఆ పిల్ల చేతిలో పెడితే, బరువేముందని అటూ ఇటూ తిప్పి చూసినట్టుంది.

సుధాకర్ పట్టు వదల్లేదు. "నేనూ అదే కదా సెప్తన్నాను. మనకి నోరు లెగదు." అప్పుడు నేను మాస్టర్నయ్యాను. రెండు దారులూ వాళ్ళ ముందు పెట్టాను. అగ్నివీరుగా వెళితే తొందరగా యూనిఫాం వేసుకుంటుంది, తన కాళ్ళమీద తను నిలబడుతుంది. కాని నాలుగేళ్ళయ్యాక కొద్దిమందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ఆఫీసరు పరీక్ష కష్టం, బోర్డు ఇంకా కష్టం, నెగ్గినా శిక్షణ ఏళ్ళతరబడి. "పనిలో తేడా ఏటి తాతా?" అని అడిగింది. "సిపాయి తన పని తను బాగా సెయ్యాల. ఆఫీసరు తన కిందోళ్ళ పనికి, ఆళ్ళ పేనాలకి జవాబు సెప్పాల. అందరూ ఊరుకున్నప్పుడు ముందుగా నోరు తెరవాల్సింది ఆఫీసరే" అన్నాను. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు అని కూడా అన్నాను. ఆ మాట అంటూ ఆమె మొహంలోకి చూడలేకపోయాను. నేను తింటున్న అన్నం, చదివిన చదువు ఒక సిపాయి పెట్టినవే అయినా, ఆ మాటను నేను పూర్తిగా నమ్మినవాణ్ణి కాదు. చివరికి సుధాకర్‌తో, "ఆఫీసరు పరీక్షకి వయసు ముందు దాటిపోతాది. పరుగుకి ఇంకా టైమున్నాది. ముందు ఇది రాయనీ, కాకపోతే అది ఉండనే ఉన్నాది. ఏది కావాలో దాన్నే తేల్చుకోనీ" అన్నాను. అతను కూతురికేసి, నాకేసి చూసి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

లెక్కలు నేను చెప్పాను. రాత పరీక్ష నెగ్గింది. బోర్డు కబురు వచ్చాక సాయంత్రాలు మా వరండాలో మేం నలుగురం గుండ్రంగా కూర్చునేవాళ్ళం, నేను, సుగుణ, సుధాకర్, ఆ పిల్ల. ఊరికి రోడ్డు ముందా, కాలవ ముందా అని ఒక విషయం ఇచ్చేవాడిని. సుధాకర్ మిల్లులో అరిచే గొంతుతో మొదలుపెట్టేవాడు. ఆమె ఎదుటివాళ్ళు ఆగేదాకా ఆగుతుంటే నాకు ఒళ్ళు మండేది. "ఆగకే! మాట తుంచు!" అని నేను కేకలు వేసేవాడిని. ఒక రోజు తుంచింది. "నానా, ఒక్క నిమిషం. నువ్వు సెప్పింది తప్పు. కాలవ నేకపోతే ఆ రోడ్డుమీద ఏ పంట తోలుకెల్తావు?" "ఏటే?" అని సుధాకర్ లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మా నాన్న మాటకు అడ్డువచ్చిన రోజు ఒక్కటీ లేదు. దాన్ని మేం మర్యాద అనుకున్నాం, బహుశా అది మర్యాదే. మర్నాడు సుధాకర్ మిల్లునుంచి తిన్నగా వచ్చి, ఒంటిమీద తవుడు కూడా దులుపుకోకుండా కూర్చుని, "ఏదీ, ఇయ్యాల నన్ను మాట్లాడనియ్యి సూద్దాం" అన్నాడు.

హెప్సిబా బోర్డుకి వెళ్ళింది, చివరి రోజుదాకా ఉండి, నెగ్గకుండా తిరిగొచ్చింది. రైలు దిగి ఇంటికి కూడా పోకుండా తండ్రీ కూతుళ్ళు తిన్నగా మా ఇంటికే వచ్చారు. ఆటో దిగుతూనే, "తాతా, పంపీసారు!" అని వీధిలోంచే కేకేసింది. పక్కింటివాళ్ళు తలలు బయటపెట్టారు. నాకు మళ్ళీ చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల వరండాలో కాళ్ళు బారజాపి కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. తాడు పట్టుకుని ఊగబోయి బురదలో ఎలా పడిందో, మిగతా అమ్మాయిలు కాళ్ళు పట్టుకుని ఎలా లాగారో. "గ్రూపులో మాత్రం నువ్వు సెప్పినట్టే సేసాను తాతా. ఎవుర్నీ మాట్లాడనియ్యనేదు. ఆకర్న ఒకమ్మాయి నెగిసి, కొంచెం మమ్మల్ని కూడా మాట్లాడనిస్తావా అనీసింది!" సుగుణ కొంగు నోటికి అడ్డుపెట్టుకుని నవ్వింది. సుధాకర్ తొడ చరుచుకుని నవ్వాడు. మా నాన్నలాగే నేను నేర్పింది కూడా ఒక పక్కనుంచి చూసినదే. తప్పు నాదేనమ్మా అనబోయాను, కాని ఎవరూ తప్పు ఎవరిదని చూడటం లేదు.

"మళ్ళీ పరీక్షెప్పుడే?" అన్నాడు సుధాకర్. మనలాంటోళ్ళకి అయ్యే పనేటి అన్న సుధాకరే.

"ఇంకో నాలుగు నెలల్లో. మద్దెలో అగ్నివీర్ పరుగు కూడా ఉన్నాది నానా, దానికీ ఎల్తాను. ఏది ముందొస్తే అప్పుడు సూద్దాం."

"సరేగాని, మొదట్నించీ సెప్పు. ఆటో ఆడికి డబ్బులిచ్చినప్పుడు సగం ఇన్లేదు."

ఆమె మొదటినుంచీ చెప్పింది. తాడు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి ఎలా పడిందో చేసి చూపించింది. సుధాకర్ మధ్యలో ఆపి అడుగుతున్నాడు, ఆ అమ్మాయి ఎక్కడిది, ఆ సారు ఏమన్నాడు, బురద ఎంత లోతు. తన ఇంట్లో జరిగిన పెళ్ళి కబుర్లు వింటున్నట్టు వింటున్నాడు. నేను గోడకానుకుని ఆ తండ్రి మొహమే చూస్తూ కూర్చున్నాను. నేను బోర్డునుంచి తిరిగొచ్చాక మా నాన్న ఇంకా చాలా ఏళ్ళు బతికారు. రిటైరై వచ్చాక రోజూ సాయంత్రం నా పక్కనే కుర్చీ వేసుకునేవారు. బెంగుళూరులో చలి ఎక్కువటరా అనేవారు ఒక్కోసారి. అక్కడ గదులు ఎలగుంటాయి అనేవారు. నేను ఏదో ఒకటి చెప్పి పేపరు తిప్పేవాడిని. ఆఫీసర్ల కొడుకుల్నే తీసుకుంటారన్న నమ్మకంతోనే ఆయన పోయారు. ఆయన నన్నెప్పుడూ ఏం జరిగిందని అడగలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన అడుగుతూనే ఉన్నారు.